నోటీసు పడని పదమూడో గది

ఇంతదాకా జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పద్నాలుగేళ్ళు మా నిచ్చెన పార్టీని నెత్తిన పెట్టుకుని ఊరేగిన మునిసిపల్ ఛైర్మన్ గారు ఒక మంగళవారం పొద్దున్నే గంట పార్టీ బ్యాడ్జీ పెట్టుకుని ఆఫీసుకొచ్చారు. ఆయన వెనకే కౌన్సిలర్లు, కౌన్సిలర్ల వెనకే కాంట్రాక్టర్లు, కాంట్రాక్టర్ల వెనకే వాళ్ళ బావమరుదులూ దూకేశారు. మునిసిపాలిటీ పంపు హౌసులో పనిచేస్తూ, మా వార్డుకి పార్టీ సెక్రటరీగా ఉన్న మా నాన్న మాత్రం కదల్లేదు. "నేను గోడ మీద పిల్లిని కాను" అని నలుగురిలో అన్నాడు. పదకొండేళ్ళ పిల్లని, ఆ మాటకి నేను పొంగిపోయాను. నెల తిరక్కుండా మా ఇనప్పెట్టెలో ఉండే వార్డు జాబితా మాయమైంది. శుక్రవారం మధ్యాహ్నం మార్కెట్టు పక్కనున్న మునిసిపాలిటీ గదుల వరసలో పన్నెండు తలుపుల మీద ఖాళీ చేయమని నోటీసులు అంటించారు. పదమూడో తలుపు మీద అంటించలేదు. ఆ గది మిషనత్తది.

ఇప్పుడు ఆ జాబితా సంగతి చెప్పాలి. ఇన్ని వారాలుగా దాని చుట్టూ తిరుగుతూ దాని జోలికి పోకుండా నీళ్ళు నములుతున్నాను. ఎందుకంటే అందులో గుర్తులు పెట్టింది నేనే.

మా వార్డులో నూట అరవై రెండు ఇళ్ళు. పొడుగాటి రిజిస్టరు కాగితాల మీద నాన్న ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు రాసేవాడు. పేరు పక్కన చుక్క పెడితే మనవాళ్ళు. ఇంటూ పెడితే గంట వాళ్ళు. సున్నా చుడితే ఎటూ తేలనివాళ్ళు. పెద్దవాళ్ళు వెళ్ళి అడిగితే ఎవరూ నిజం చెప్పరని నాన్న నన్ను పంపేవాడు. ఓటరు స్లిప్పు చేతికిచ్చి, దాహంగా ఉందని మంచినీళ్ళు అడిగి, ఆ నీళ్ళు తెచ్చేలోపు గోడలు చూసి రావాలి. రెండు పార్టీలవాళ్ళూ కొత్త సంవత్సరానికి ఇంటింటికీ క్యాలెండర్లు పంచేవారు. జనం రెండూ తీసుకుంటారు, మేకుకి మాత్రం ఒకటే తగిలిస్తారు. "నోరు అబద్ధం ఆడుతుంది గానీ గోడ ఆడదమ్మా" అనేవాడు నాన్న. ఆ సిద్ధాంతానికి నేను మహా పండితురాలిని. ఊదారంగు పెన్సిలు చెవి మీద పెట్టుకుని వీధి వీధీ తిరిగి, ఎవరు మనవాళ్ళో ఎవరు కాదో తేల్చి పారేసేదాన్ని. లెక్కల్లో పదికి నాలుగు మార్కులొచ్చే పిల్లకి ఒక వార్డు వార్డంతా అప్పగించారు. ఎంత సిగ్గులేని గర్వమో అది, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

మిషనత్త నాన్నకి వరసకి చెల్లెలు. మామయ్య పోయాక ఆ గదిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆ గది ఆమెకి నిచ్చెన పార్టీ హయాంలోనే వచ్చింది, ఆ విశ్వాసం ఆమెకి ప్రాణం పోయేదాకా పోయేది కాదు. పోయిన ఎన్నికలప్పుడు జెండాలు తొంభై కుట్టి ఇచ్చింది, దారం కూడా తనదే. అలాంటిది ఆ ఏడాది స్లిప్పు ఇవ్వడానికి నేను గుమ్మంలో నిలబడేసరికి, మిషను వెనక గోడకి గంట పార్టీ క్యాలెండరు వేలాడుతోంది. బల్ల కింద అలాంటివే చుట్టలు చుట్టి ఇంకో నాలుగున్నాయి.  అత్త నన్ను చూసి నవ్వి బిస్కెట్టు పెట్టింది. తిన్నాను. తిని బయటికొచ్చి, మెట్ల మీద కూచుని, పెన్సిలు తీసి ఇంటూ పెట్టాను. మనవాళ్ళని కూడా వదలని నిఖార్సయిన కార్యకర్తని కదా.

శనివారం పొద్దున ఎనిమిదింటికే మా ముందుగది నిండిపోయింది. నోటీసులు పడినవాళ్ళందరూ వచ్చారు. సైకిల్ షాపు బాబాయి కిటికీ పక్కన నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ వరసలో మొదటి గది ఆయనదే. చేతులకి గ్రీజు ఎప్పుడూ ఉన్నట్టే ఉంది గానీ మనిషి ఒక్క రోజులో పదేళ్ళు పెద్దవాడైపోయాడు. ఎవరో కోర్టుకి వెళ్దామన్నారు. ఎవరో ఛైర్మన్ కాళ్ళ మీద పడదామన్నారు. కోర్టు తీర్పు వచ్చేసరికి మనవలకి మనవలు పుడతారని ఒకరు, ఛైర్మన్ గారి కాళ్ళు ఇప్పుడు కారు దిగడం లేదని ఒకరు అన్నారు. నవ్వు రావలసిన చోట ఎవరికీ నవ్వు రాలేదు. ఎటు చూసినా ముందు నుయ్యి, వెనక గొయ్యి. సోమవారానికి సామాను బయట ఉండాలి.

అమ్మ నా చేతికి మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెం ఇచ్చి పంపింది. నాన్న కుర్చీలో ముందుకి వంగి కూర్చుని నేలవంక చూస్తున్నాడు. జాబితా మాయమైన దగ్గర్నుంచీ ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు. పాపం, పార్టీ కోసం ఎంత కుమిలిపోతున్నాడో అనుకునేదాన్ని.

మాట తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది. మనలో ఎవరు మనవాళ్ళో గంట పార్టీవాళ్ళకి అంత కచ్చితంగా ఎలా తెలిసింది? ఒక్క పొరపాటు లేకుండా ఏరినట్టు పన్నెండు తలుపులు ఎలా పట్టుకున్నారు? జాబితా వాళ్ళకి చేరింది, అది అందరికీ అర్థమైంది. చేర్చింది ఎవరు? ఆ ప్రశ్న ఎవరూ పైకి అడగలేదు. అడగకుండానే పదమూడో తలుపు అందరి కళ్ళ ముందూ ఉంది.

సరిగ్గా అప్పుడే అత్త వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది.  కూర్చోమని ఎవరూ అనలేదు. అన్నం పెట్టమని వచ్చిన ముష్టిదానిలా ఆమె గుమ్మం పక్కనే నిలబడింది, మా ఇంట్లో పుట్టి పెరిగినంత చనువున్న మనిషి.

మొదట సైకిల్ షాపు బాబాయే అడిగాడు. అందరికీ పడిన నోటీసు ఆమెకెందుకు పడలేదని. గట్టిగా కూడా అడగలేదు, అదే ఇంకా బాధగా అనిపించింది.

"నాకూ అదే అనుమానం వచ్చింది" అంది అత్త. "నిన్న సాయంత్రం ఆఫీసుకెళ్ళి అడిగొచ్చాను."

నాన్న తలెత్తాడు. "ఎవర్నడిగావు?"

"గుమాస్తాని."

"ఏమన్నాడు?"

అత్త నాన్నని చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. 

"ఏమీ అనలేదు" అంది.

ఆ మాటతో గది అంతా ఒక్కసారి కదిలింది. అందరూ తలో మాటా అన్నారు. గంట పార్టీ క్యాలెండర్లు ఆమె గదిలో ఉండగా తాను చూశానని ఒకావిడ అంది. నిప్పు లేనిదే పొగ రాదని ఇంకొకాయన అన్నాడు. మా ఇంట్లోకి అడిగే పనిలేకుండా వచ్చిపోయేది ఆమె ఒక్కతే కదా, ఇనప్పెట్టె ఎక్కడుందో ఆమెకి తెలియదా అని మూడో గొంతు. అత్త టేపు కొసని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడింది.

 ఆ ఒక్క తలుపు ఎందుకు మిగిలిందో నాకు తెలుసు. నేను పెట్టిన ఇంటూ వల్ల మిగిలింది. మిగతా పన్నెండూ నేను పెట్టిన చుక్కల వల్ల పోయాయి. చెప్పేయాలి. ఒక్క మాట, అది నేను పెట్టిన గుర్తు అంటే చాలు.  నాన్న చెబుతాడులే అనుకున్నాను. జాబితా రాసింది ఆయనే కదా, ఎవరి పక్కన ఏ గుర్తుందో ఆయనకి కంఠతా వచ్చు. నాన్న లేచి ఆమె మా చెల్లెలు, ఒక్క మాట అంటే ఊరుకోను అంటాడని ఎదురుచూశాను.

నాన్న లేచాడు. "ఆ గది ఒక్కటీ ఎందుకు మిగిలిందో ఆవిడే చెప్పాలి" అన్నాడు.

చెల్లెలు అనలేదు. ఆవిడ అన్నాడు.

"ఇంకేముంది, కంచే చేను మేసింది" అని సైకిల్ షాపు బాబాయి తల పట్టుకున్నాడు. అత్త నాన్న మొహంలోకి ఇంకోసారి చూసి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు. వచ్చినవాళ్ళు కూడా ఒక్కొక్కరే సామాను సర్దుకోవడానికి వెళ్ళారు. వాళ్ళు తాగని నీళ్ళ గ్లాసులు నేను తిరిగి వంటింట్లోకి మోసుకెళ్ళాను. అమ్మ నన్ను చూసి ఏమయిందని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆ రోజు మా ఇంట్లో అందరికీ ఏమీ లేదు.

పావుగంట ఓర్చుకున్నాను. అంతకంటే నావల్ల కాలేదు. దొడ్డి గుమ్మంలోంచి బయటపడి మార్కెట్టు దాకా ఒక్క పరుగు తీశాను.

గదుల వరండాలో పెట్టెలూ, అట్టలూ, ఊడదీసిన అల్మరా చెక్కలూ అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. అప్పటికే కొందరు సర్దడం మొదలుపెట్టారు. చివరి గదిలో అత్త కూడా సర్దుతోంది. మిషను తల విప్పి పాత దుప్పట్లో చుడుతోంది. కుట్టిన చొక్కాలు ఒక పక్క, కత్తిరించి కుట్టనివి ఒక పక్క. నన్ను చూసి బొత్తాల డబ్బా కాస్త జరపమంది, ఏమీ జరగనట్టే.

నీకు నోటీసు పడలేదు కదా, ఎందుకు సర్దుతున్నావని అడిగాను. వరసలో పన్నెండు తలుపులు మూసుకుంటే పదమూడోది తెరుచుకుని కూర్చునే మొహం తనకి లేదంది. తాళం సోమవారం ఆఫీసులో పడేస్తుందట. ఆ తర్వాత ఎక్కడ కుడతావంటే, ఇంట్లో అంది. అత్త ఇల్లు నాకు తెలుసు. మంచం వాల్చితే తలుపు తెరుచుకోదు. ఆ ఇంట్లోకి ఈ బల్ల కాదు కదా, మిషను పట్టడమే కష్టం. బల్ల లేకపోతే బడివాళ్ళ ఆర్డరు లేదు. ఆర్డరు లేకపోతే అత్తకి ఇంకేమీ లేదు.

అప్పుడు ఏడ్చాను. ఏడుస్తూనే అంతా చెప్పాను, క్యాలెండరు చూశాననీ, మెట్ల మీద కూచుని ఇంటూ పెట్టాననీ, పొద్దున నోరు తెరవలేకపోయాననీ. ముక్కు ఎగబీల్చుకుంటూ చెప్పింది ఆమెకి ఎంత అర్థమైందో తెలియదు.

"నాకు తెలుసులే" అంది అత్త.

నేను ఏడుపు ఆపేశాను.

ఆమె నిన్న ఆఫీసుకి వెళ్ళింది నిజంగా పోట్లాడటానికట. అందరికీ అంటించి నాకెందుకు అంటించలేదు, నేను నిచ్చెన మనిషిని కాదని మీకెవరు చెప్పారు, నా నోటీసు నాకివ్వండి అని గుమాస్తా బల్ల మీద చెయ్యి వేసిందట. ఊళ్ళో జనం నోటీసు తీసేయమని అడుగుతుంటే, ఈమె ఇవ్వమని అడిగింది. గుమాస్తా నవ్వి సొరుగులోంచి కాగితాలు తీసి చూపించాడట. మీరు మావాళ్ళే కదమ్మా, ఎందుకు కంగారు పడతారు, చూడండి అని. చూసింది. తన పేరు పక్కన ఊదారంగు ఇంటూ, ఒక కాలు పొడుగ్గా, ఒక కాలు పొట్టిగా.

"నీ పుస్తకాలకి అట్టలు వేసేది నేనే కదే" అంది. "నీ గీతలు నాకు తెలియవా?"

మరి ఆ క్యాలెండరు ఎందుకు తగిలించావని అడిగాను. నిలదీసినట్టే అడిగాను, తప్పంతా ఆమెదైతే బాగుండునని.

అత్త బల్ల కిందనుంచి ఒక కట్ట తీసింది. కాలర్లు, కఫ్‌లు, జేబుల ఆకారాలు. అన్నీ దళసరి కాగితంతో కత్తిరించినవి. వెనక్కి తిప్పితే ఒక కాలరు మీద గంట పార్టీ నాయకుడి చెవి, ఒక జేబు మీద ఆయన చిరునవ్వు. గుడ్డ మీద పెట్టి గీతలు గీసుకోవడానికి ఆ కాగితమే నిలబడుతుందట. మన క్యాలెండరుది కూడా అంతే మందం. కానీ మన నాయకుడి మొహం మీద కత్తెర పెట్టడానికి ఆమెకి చేతులు రాలేదు. అందుకని గంటవాళ్ళ కుర్రాళ్ళు పంచుతుంటే అడిగి మరీ ఐదు తెచ్చుకుంది. మడతలు పోవడానికి ఒక్కొక్కటీ వారం రోజులు మేకుకి వేలాడదీస్తుంది. మన క్యాలెండరు బట్టల బీరువాలో భద్రంగా ఉంది, నలిగిపోకుండా.

నేను ఆ కాలరు ముక్కని చేతిలో పట్టుకుని ఎంతసేపు కూచున్నానో. ఏ గోడ చూసి ఏమనుకున్నాను. అంత విశ్వాసం ఉన్న మనిషిని ఆ విశ్వాసమే ముంచింది. ముంచిన చెయ్యి నాది. ఇప్పుడు నాకు నలభై తొమ్మిదేళ్ళు. ఎవరింటికి వెళ్ళినా గోడల వంక చూడను.

"పొద్దున ఎందుకు చెప్పలేదత్తా?" అన్నాను.

"చెప్తే కాగితాల మాట వస్తుంది. కాగితాల మాట వస్తే గుర్తులు ఎవరు పెట్టారని వస్తుంది. పదకొండేళ్ళ పిల్లని పన్నెండు కుటుంబాల మధ్య నిలబెట్టమంటావా?" దుప్పటి ముడి బిగించింది. "నన్నంటే అన్నారులే. పెద్దదాన్ని, పడతాను."

నేను వెళ్ళి చెప్పేస్తాను, అందరికీ చెప్పేస్తానన్నాను. నువ్వు చెబితే ఎవరూ నమ్మరంది. నాన్న నమ్ముతాడన్నాను. నాన్నకి చెబితే చాలు, ఆయనే అందరికీ చెబుతాడు అని. అత్త చేస్తున్న పని ఆపి నావైపు అదోలా చూసింది.

"మీ నాన్న నీ ఇంటూ నమ్మాడు. నన్ను నమ్మలేదు" అంది మెల్లగా.

అప్పుడు నాకు తట్టింది. మా ఇనప్పెట్టెలోని కాగితాలు ఆ గుమాస్తా సొరుగులోకి ఎలా వెళ్ళాయి? అదే అడిగాను. గుమాస్తా చెప్పాడా, ఎవరు తెచ్చిచ్చారో చెప్పాడా అని. అత్త దారపు కండెలు ఒక్కొక్కటే డబ్బాలో పేర్చడం మొదలుపెట్టింది. మళ్ళీ అడిగాను. ఇంటికి వెళ్ళు, అమ్మ వెతుక్కుంటుంది అంది. చేయి పట్టుకుని ఊపాను. కొన్ని తెలియకపోతేనే మంచిదే తల్లీ అంది. ఆమె గొంతులో ఏడుపు వినడం అదే మొదటిసారి. మామయ్య పోయినప్పుడు కూడా వినలేదు.

గుమ్మంలో నీడ పడింది. నాన్న. ఎండలో గబగబా నడిచొచ్చినట్టు ఆయాసపడుతున్నాడు. విప్పేసిన మిషన్ని చూశాడు. కింద కూచున్న నన్ను చూశాడు, ఉబ్బిపోయిన నా మొహం చూశాడు. చూసి, అత్త మీదకి తిరిగాడు.

"దీనికి చెప్పేశావా?"

అత్త కండెల డబ్బాకి మూత పెట్టింది.

"చిన్నపిల్ల కదే అది. దానికెందుకు చెప్పావు? ఇవ్వకపోతే పంపు హౌసు పనిలోంచి తీసేస్తామన్నారు. ఈ వయసులో నాకెవడిస్తాడు పని? చూసి సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తామన్నారు. ఇలా గదుల మీద పడతారని నాకేం తెలుసు?" కండువా లేని భుజం తడుముకుని, అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఇది నా గురించి ఏమనుకుంటుంది?"

"నేను చెప్పలేదన్నయ్యా" అంది అత్త. "ఇప్పుడు నువ్వే చెప్పావు."

నాన్న తలుపు చట్రం పట్టుకున్నాడు. గోడ మీద పిల్లిని కాదన్న నా నాన్న. ఆయన మొహం చూడలేకపోయాను. ఆ వయసులో పిల్లలకి తండ్రి మీద కోపం వస్తుందంటారు. నాకు రాలేదు. నాకు ఆయన్ని ఎక్కడైనా దాచేయాలనిపించింది, ఎవరూ చూడకుండా. దాంతోపాటే అత్త కాళ్ళు పట్టుకుని క్షమించమని అడగాలనిపించింది. రెండూ చేయలేక, ఉన్నచోటే ఉండిపోయాను.

బయట వరండాలో ఏదో ఇనప వస్తువు నేల మీద పడి దొర్లింది. నాన్న వెనక్కి తిరిగాడు. సైకిల్ షాపు బాబాయి. రెండు చక్రాలు భుజాన వేసుకుని అటుగా వెళ్తున్నవాడు ఆగిపోయాడు. ఒక చక్రం కిందపడింది. ఆయన దాన్ని తీసుకోలేదు. ఎప్పటినుంచి అక్కడున్నాడో, ఎంత విన్నాడో తెలియదు.

"ఏమన్నావన్నా?" అని అడిగాడు నాన్నని.

నాన్న తలుపు చట్రం వదిలి నా పక్కకి జరిగాడు. బాబాయి అత్త వైపు చూశాడు. అత్త మొహం తిప్పుకుంది, ఆమె చెప్పదు. పొద్దున మా ఇంట్లో ఎందుకు చెప్పలేదో ఇప్పుడూ అందుకే చెప్పదు. అప్పుడాయన లోపలికి ఒక అడుగు వేసి, గ్రీజు చేతులు చొక్కాకి తుడుచుకుని, నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు చెప్పమ్మా" అన్నాడు. "నువ్వింకా పార్టీల్లో చేరలేదు. మీ నాన్న ఇప్పుడేమన్నాడు?"

నాన్న చెయ్యి నా భుజం మీద పడింది. నొక్కలేదు, ఊరికే వేశాడు. నేను నోరు తెరిచాను.